అమ్మమ్మ పేరు కోసం ఎక్కిన రేపల్లె బస్సు

ఇటు దగ్గరకు జరిగి కూర్చోండి, మోకాలికి మోకాలు తగిలితే ఎవరూ అరిగిపోరు. మా అమ్మమ్మ పేరు వెతకబోయి నేను పడ్డ పాట్లు చెబుతాను.

సమాధుల పండుగనాడు మా తెనాలి గుడిలో ఫాదర్ గారు పూజలో చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతారు. పేరు చదివించుకోని ఆత్మ పరలోకం వాకిట్లోనే నిలబడిపోతుందని నా భయం. అమ్మమ్మకు పేరెక్కడిది? పిల్లప్పుడు ఊరంతా "ఒసే" అన్నారట, ముదిరాక "ముసలీ" అన్నారు. నేను ఏటా "అమ్మమ్మ" అనే చీటీ రాయించేదాన్ని. నిరుడు ఫాదర్ గారు అది చదివి, ఆగి, "ఎవరి అమ్మమ్మండి?" అన్నారు. గుడి గుడంతా నవ్వింది. నా ప్రాణం చివుక్కుమంది.

జ్ఞానస్నానం పుస్తకంలో పేరుంటుందని బస్సెక్కాను. ఊరికి దగ్గరని ముందు బాపట్ల గుడికి వెళ్తే, అమ్మమ్మ పుట్టిన ఊరు అప్పట్లో రేపల్లె గుడి కింద ఉండేదన్నారు. రేపల్లె వెళ్తే అక్కడి ఫాదర్ గారు, "అడగ్గానే చూపించే పుస్తకం కాదమ్మా. మీ ఫాదర్ గారి దగ్గర ఉత్తరం తెండి. ఎందుకో అర్జీ రాయండి" అన్నారు. పరలోకం గుమ్మంలో తాళాలు పట్టుకున్నాయన కూడా ఇన్ని కాగితాలు అడగడు.

రెండోసారి ఉత్తరంతో వెళ్ళాను. నేను చెబుతుంటే మా కోడలు రాసిన అర్జీని ఆయన కిందా మీదా చూశారు.

"ఏ సంవత్సరమో రాయలేదేంటమ్మా?"

"రాయించానుగా అయ్యా, అమ్మమ్మ వాళ్ళ ఎర్రావు కవలల్ని ఈనిన ఏడాది."

"పుస్తకంలో ఆవుల సంగతి ఉండదమ్మా."

"అదే పొరపాటు చేశారు. ఏడాదిని మర్చిపోతారు గానీ ఆవుని ఎవరైనా మర్చిపోతారా?"

ఆయన నవ్వాపుకుంటూ పుస్తకం తీశారు. అమ్మమ్మ చెప్పిన ఇంకో మాట కూడా అందించాను. ఊళ్ళో పదకొండు మంది ఆడపిల్లలకు ఒకేరోజు నీళ్ళు పోశారట. అప్పటికే వానలో తడిశాం, మళ్ళీ నీళ్ళేంటని అందరూ ఏడ్చారట. పేజీలు తిప్పి తిప్పి ఆయన ఒకచోట వేలు పెట్టారు. ఒకే తేదీ, అమ్మమ్మ ఊరే, పదకొండు మంది.

"చదవండయ్యా."

"మరియ. మరియ. మరియ..."

పదకొండుకీ అదే. ఆనాటి తెల్లదొర ఫాదరుకి మన పేర్లు నోరు తిరగక, అందరికీ దేవమాత పేరే పెట్టేసి భోజనానికి వెళ్ళినట్టున్నాడు. ఇంటిపేర్లు లేవు. తండ్రుల పేర్లున్నాయి గానీ, మా ముత్తాతను ఊరు "ఒరే" అనేది. ఆయన అసలు పేరు నాకేం తెలుసు?

తెనాలి వచ్చి మా ఫాదర్ గారికి చీటీ ఇచ్చాను, పదకొండుసార్లు మరియ అని.

"పేరొకటేగా, ఒక్కసారి చదివితే చాలదా?"

"ఒక్క ప్రార్థనని పదకొండు మంది ముసలమ్మలు పంచుకోవాలంటే తన్నుకుంటారండి. అందర్నీ చదవండి. ఒకామె మాది. మిగతా పదిమందికీ ఎవరున్నారో ఏమో."

ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. పండుగనాడు చదివారు. మూడో మరియకు గుడిలో కిసుక్కుమన్నారు. ఆరో మరియకు వెనక బెంచీలో సణిగారు. తొమ్మిదికొచ్చేసరికి ఎవరూ నవ్వలేదు. బడిలో హాజరు పిలిచినట్టు ప్రతి పేరుకీ నేను "ఆఁ" అన్నాను. పిలిస్తే పలికేవాళ్ళుండొద్దూ?

మీ పొయ్యి మీద కూడు, మీ వాకిట్లో పిల్లల గోల ఎప్పుడూ ఉండాలి. మీ పెద్దల్ని పేరుపెట్టి తలుచుకునే నోరు మీ ఇంట ఏనాడూ కరువు కాకూడదు.