దేవదానం సారు చెప్పిన సాక్ష్యం

మొన్న ఆత్మకూరులో మా బడి వంటగదిలోంచి అన్నం మాడిన వాసన గుప్పుమంది. వంట చేసే రమణమ్మ పరుగున వచ్చి, "మేడం, ఫోను మాట్లాడతా మర్చిపోయినా. కోప్పడబాకండి" అంది. కోప్పడడానికి నాకు నోరు రాలేదు. ఆ వాసన తగలగానే ఉదయగిరిలో నాకు చదువు చెప్పిన డ్రిల్లు మాస్టారు దేవదానం సారు గుర్తొచ్చారు. మీరెవరూ ఆయన్ను ఎరగరు. ఎరిగుంటే మీరూ ఆయన చేత తిట్లు తినుండేవారు, అందులో అనుమానం లేదు.

సారు మిలిటరీలో పనిచేసి వచ్చి మా హైస్కూల్లో చేరారు. నాకేమో గోరంతలు కొండంతలు చేసే జబ్బు పుట్టుకతోనే ఉంది. ఒకసారి ఖోఖోలో పడి మోకాలు చెక్కుకుపోతే, రక్తం కాలవ కట్టి పారిందని ఏడుస్తూ చెప్పాను. ఆయన వంగి మోకాలు చూసి, "కాలవ ఏది అమ్మణ్ణీ? పూలు పెట్టబాకు. జరిగింది జరిగినట్టు చెప్పు" అన్నారు. లేనిదాన్ని కలిపి చెప్పడాన్ని ఆయన పూలు పెట్టడం అనేవారు. నేను సోషల్ టీచరునై ఆత్మకూరులో చేరాక కూడా, సెలవులకు వెళ్లి ఏదో ఒకటి చెప్పబోతే అదే మాట. ఒళ్లు మండేది. అయినా బస్సు దిగగానే కాళ్లు ఆ ఇంటి వైపే లాగేవి. మా నాయన కంటే ఎక్కువ నన్ను మందలించింది ఆయనే. నేను ఎక్కువ ఇష్టపడిందీ ఆయన్నేనేమో.

అంత కచ్చితమైన మనిషి ఒక్క సంగతి దగ్గర మాత్రం నోరు మెదిపేవారు కాదు. ఆయనా, మా పాలెంలోని మార్తమ్మ అవ్వ కొడుకు ఏసుపాదమూ కలిసి పటాలంలో చేరారు. ఇద్దరూ బంగ్లాదేశ్ యుద్ధానికి వెళ్లారు. ఒక్కరే తిరిగొచ్చారు. మా చర్చిలో ఏటా కోతపండగనాడు, దేవుడు తమకు చేసిన మేలును ఎవరికి వారు లేచి చెప్పుకుంటారు. దాన్ని సాక్ష్యం అంటాం. పాము కరిచి బతికినవాళ్లు చెప్తారు, ఎండిన బావిలో నీళ్లు పడ్డవాళ్లు చెప్తారు. ఆ రోజు పాస్టరు అయ్యగారు తప్పకుండా సారు వైపు తిరిగి, "గుండ్ల వానలోంచి ప్రభువు మిమ్మల్ని ఎట్టా కాపాడినాడో సంఘానికి చెప్పండి" అనేవారు. సారు లేచి, గంట తాడు చూసొస్తానని బయటికి వెళ్లిపోయేవారు. విశ్వాసం లేని మనిషని వెనకాల గొణుక్కునేవాళ్లు.

ఉండబట్టలేక ఒకసారి నేనే అడిగేశాను. సారు చర్చి వైపు చెయ్యి చూపించారు. "మార్తమ్మ అవ్వ ఆడ చాప మీద కూచోనుంటాది. ఆమె ముందర నిలబడి, దేవుడు నన్ను కాపాడినాడని ఏ మొహం పెట్టుకోని చెప్పేది? నా కొడుకునెందుకు కాపాడలేదని ఆమె అడగదు. అడగదు గాబట్టే చెప్పలేను" అన్నారు.

అవ్వ మేకలు కాసుకుని బతికేది. కొడుకు గురించి ఆమెకు అందిన కబురల్లా వీరమరణం అన్న ఒక్క మాటే. ఆ మాటను ఎంత పిండినా ఒక తల్లికి కావలసింది ఏముంటుంది? వయసు మీదపడి, కర్ర లేనిదే చర్చికి రాలేకుండా అయింది. సారు ఆమె ఇంటికి కప్పు వేయించారు, ఆసుపత్రికి తీసుకుపోయారు, ఏసుపాదం పేరు మాత్రం ఎత్తలేకపోయారు. "ఆమె కన్నుమూసే లోపల చెప్పాల అమ్మణ్ణీ. ఎట్టా మొదలుపెట్టేదో తెలీడం లేదు" అని నా దగ్గర మాత్రం అనేవారు.

ఆ రోజుల్లోనే, యుద్ధం పాఠం కోసం ఆత్మకూరు నెట్ సెంటర్లో వెతుకుతుంటే కొన్ని రష్యా రాతలు నా కంటబడ్డాయి. రష్యా అంటే మనకు చిన్నప్పటి నున్నటి కాగితాల బొమ్మల పుస్తకాలే కదా. ఇవి వేరు. హిట్లర్ సేనలతో పోరాడిన మామూలు సిపాయిలు ముసలివాళ్లయ్యాక చెప్పుకున్న జ్ఞాపకాలు. లారీ తోలినవాళ్లు, టెలిఫోను తీగలు లాగినవాళ్లు, వంట చేసినవాళ్లు. ఎవరో ఓపిగ్గా ఇంగ్లీషులోకి మార్చి పెట్టారు. పేల గురించి, తడిసిన బూట్ల గురించి, దొంగిలించిన కోడి గురించి ఉంది. నా లాంటి పూల మనిషికి మొదట చప్పగానే అనిపించాయి. తర్వాత సారు గొంతు వినిపించినట్టయి, ఉన్నవన్నీ ప్రింటు తీయించి ఉదయగిరి బస్సెక్కాను.

సారుకు ఇంగ్లీషు అంతంతమాత్రం. అరుగు మీద కూర్చుని నేను తెలుగులో చెబుతూ పోయాను. కాసేపటికి ఆయనకు విసుగొచ్చింది. "ఏంది, ఒక్క జనరలు పేరూ రాలేదే?"

"ఇందులో జనరళ్లు లేరు సార్."

ఒక సిపాయి, చనిపోయిన తన స్నేహితుడి గురించి రాసుకున్నాడు. వాడు ఎట్లా పోయాడో ఒక్క వాక్యంలో తేల్చేసి, వాడి గురక గురించి పేజీ నిండా రాశాడు. అందరూ తిన్నాక వాడు జావ కాచిన గుండిగలోకి తల దూర్చి, అడుగంటింది గీరుకు తినేవాడట. సారు చేత్తో నన్ను ఆపారు.

"చచ్చిపోయినోడి గురక గూడా రాస్తారా?"

"రాశాడు సార్."

"అడుగంటింది తిన్నాడని గూడా?"

"అదీ రాశాడు."

"మళ్లీ చదువు" అన్నారు. చదివాను. ఆయన కన్నీళ్లు తుడుచుకోలేదు, అట్లాగే కారనిచ్చారు. నేను భయపడ్డాను.

ఆ ఏడు కోతపండగనాడు అయ్యగారు పిలవకముందే సారు లేచారు. "అందరికీ వందనాలు. నేను నా గురించి చెప్పను, ఏసుపాదం గురించి చెప్తాను" అన్నారు. చర్చి మొత్తం చెవులు రిక్కించింది. తుపాకుల మాటే లేదు. రొట్టెలు వాడి గొంతు దిగేవి కావట. చలికి సారు దుప్పటి లాగేసుకుని, తెల్లారి తనకేం తెలియదనేవాడట. పాట ఎత్తుకుంటే రాగం ఒకటే, మాటలు మాత్రం రోజుకొక రకమట. "వంటోడికి నీళ్లు మోసిచ్చి, అన్నం వండిన పొద్దు డేగిసా వాడే కడిగేవాడు. ఎందుకో అనుకున్నా. అడుగున అంటుకున్న మాడుచెక్క కోసం" అన్నారు.

అవ్వ కర్ర పట్టుకుని లేచింది. సాక్ష్యం మధ్యలో ఎవరూ అట్లా లేవరు.

"ఇంట్లో గూడా అంతే నాయనా. మాడుచెక్క చెల్లెలికి పెడితే పోట్లాడేవాడు" అంది. "ఆ ఆఖరి పొద్దు తిన్నాడా నా బిడ్డ?"

"తిన్నాడవ్వా. ఆ పొద్దు అన్నమే వండినారు. మాడుచెక్క తిని, నాకింత పెట్టినాడు."

"అయితే సరేలే" అని అవ్వ కూర్చుంది. ఆ పైన కొంగు నోట్లో కుక్కుకుని, అన్నేళ్లుగా ఆపుకున్నదంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

బయటికొచ్చాక, నా బుద్ధి పోనిచ్చుకోక, సారు పక్కకు చేరి గుసగుసగా అడిగాను. "నిజంగా తిన్నాడా సార్?"

ఆయన నన్ను మోకాలు చూసిన రోజులాగే చూశారు. "నేనెప్పుడన్నా పూలు పెట్టినానా అమ్మణ్ణీ?" అన్నారు.

అవ్వ పోయింది. సారూ పోయారు. సమాధి దగ్గర ఆయన గురించి మాట్లాడమంటే, గొప్ప గురువని అనబోయి నాలుక కరుచుకున్నాను. టీలో బెల్లం ఎక్కువ వేసుకునేవారనీ, ఈల పోగొట్టుకుని మా మీద అరిచేవారనీ చెప్పాను. ఆయన భార్య ఏడుపు మధ్యలో నవ్వి, "అవును, మెడలోనే ఉండేది" అంది. ఇప్పుడు ఏ చావింటికి వెళ్లినా నా దగ్గరున్నది ఇదొక్కటే. పోయినవాళ్లు ఏం తినేవాళ్లో గుర్తు తెచ్చుకుని చెప్తాను.

రమణమ్మ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది. "మాడింది పారబోసేదా మేడం?"

"పారబోయబాకు, ఇటు పట్రా" అన్నాను.