మొరం గడ్డ మీద నాలుగు గుడ్లు

మా తాత వాడిన నాడె చేత్తో పట్టుకుని ఒట్టేస్తున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. నాడె అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తి పోగు అల్లేది. దాని మీద అబద్ధపు ఒట్టు వేస్తే చీర అంచు వంకర పోతుందని మా వాళ్ల నమ్మకం. నా అంచులు తిన్నగానే ఉన్నాయి. అనుమానం ఉన్నవాళ్లు గద్వాల వచ్చి చూసుకోవచ్చు.

ధరూర్ పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఒక కుంట ఉంది. పొద్దంతా మగ్గం గుంటలో కూర్చుని పోగులే చూసే కళ్లకు దూరం చూపు మొద్దుబారుతుంది. అందుకని చాలా ఏళ్లుగా తెల్లారగానే బండి మీద అక్కడికి వెళ్లి వస్తున్నాను. ఫాల్గుణంలో అయితే ఒక్క రోజు కూడా మానను. మోదుగులు పూస్తాయి, గోరింకలు ఆ పూలలో తలలు దూర్చి మొహాలకు పసుపు పూసుకుని బయటికొస్తాయి. పాలపిట్ట కరెంటు తీగ మీది నుంచి ఎగిరి, ఆడదాని ముందు గొప్పకోసం గాల్లో పల్టీలు కొడుతుంది. ఇవన్నీ ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ పాలపిట్ట వరకు నమ్ముతుంది. పల్టీల దగ్గర ఆపేస్తుంది.

నిరుడు ఆ కుంట గట్టు పక్కన, ఎర్ర మొరం గడ్డ మీద నడుస్తుంటే ఒక తీతువు పిట్ట నా ముందు పడింది. ఒక రెక్క నేల మీద ఈడ్చుకుంటూ, కుంటుతూ పోతోంది. పాపం అని వెంట నడిచాను. నేను వంగినప్పుడల్లా రెండు బారలు ముందుకు జరిగింది. తుమ్మ చెట్ల దాకా తీసుకుపోయి, అక్కడ రెండు రెక్కలూ బాగా విప్పి, టిటిటీ టిట్టీ అని నన్ను తిట్టి ఎగిరిపోయింది. నలభై తొమ్మిదేళ్లుగా కతలు చెప్పి బతుకుతున్న నన్ను ఒక పిట్ట మోసం చేసింది. వెనక్కి వెళ్లి గంటసేపు వెతికితే దొరికాయి: చిన్న పల్లంలో, గులకరాళ్ల మధ్య, గులకరాళ్ల రంగులోనే నాలుగు గుడ్లు. ఫోన్‌లో ఫోటో తీసి చూపిస్తే ఇంట్లో అందరూ రాళ్లు బాగున్నాయన్నారు.

ఆ రోజు నుంచి దూరంగా కూర్చుని చూసేవాణ్ని. గుంటలో కూర్చుని పనిచేసేవాణ్ని నేనొక్కణ్నే కాదని సంతోషం. ఎండ ముదిరితే ఆ పిట్ట నీళ్లలోకి దిగి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరిచేది. ఇది ఎవరూ నమ్మరని తెలుసు. నమ్మకపోతే ఊరుకోండి, అది మాత్రం తడుపుతూనే ఉంటుంది.

అంతలో మా అక్క మొగుడు ట్రాక్టర్ వేసుకుని వచ్చాడు. బావ ధరూర్‌లో ఇల్లు కడుతున్నాడు. పునాది నింపడానికి ఆ గడ్డ మొరమే కావాలి. వేరుశనగ పీకే రోజులు, కూలీలు దొరకలేదు, కాబట్టి తవ్వి ఎత్తడానికి నేనే దిక్కు. పార పట్టుకుని గుడ్ల ముందు నిలబడ్డాను.

"ఏంది బామ్మర్దీ, రాళ్లకు కావలి కాస్తున్నవా?"

"రాళ్లు గావు బావా, గుడ్లు. పన్నెండు దినాలు ఆగు, పిల్లలైతయి."

"తీతువ గుడ్లా? గది ఇంటి మీద ఒర్రితె పీనుగ లేస్తదంటరు. దాని కోసం నా ఇల్లు ఆపాల్నా?"

"పొద్దుగాల నుంచి నీ నెత్తి మీదనే ఒర్రుతుంది. సచ్చినవా?"

బావ నవ్వలేదు. మేస్త్రి వచ్చే రోజు ఖాయమైందన్నాడు. అప్పుడు వనపర్తిలో ఒకాయన తీతువు గుడ్లున్న మొరంతో పునాది నింపితే, బండలు పరిచాక కూడా రాత్రిళ్లు కింది నుంచి టిటిటీ అని వినిపించిన సంగతి చెప్పాను. ఏ గల్లీ అని అడిగాడు. చెప్పాను. ఆ గల్లీలో తన పెద్దమ్మ కొడుకు ఉంటాడన్నాడు. పక్క గల్లీ అన్నాను. బావ ఇంజన్ స్టార్ట్ చేశాడు.

నేను కదల్లేదు. తొక్కితే నన్ను తొక్కు అన్నాను. సరిగ్గా అప్పుడే పిట్ట దిగింది. ట్రాక్టర్ ముందు రెక్క ఈడ్చుకుంటూ కుంటడం మొదలుపెట్టింది. బావ బండి దిగి, పట్టుకుందామని వెంటపడి, కుంట బురదలో మోకాలి లోతు దిగబడి, ఒక చెప్పు పోగొట్టుకున్నాడు. పిట్ట ఎగిరిపోయింది.

"ఇది నీకన్న పెద్ద అబద్ధాలకోరు గద రా," అంటూ వచ్చి, ట్రాక్టర్‌ను అవతలి గట్టుకు తిప్పాడు.

పన్నెండు రోజులకు పిల్లలు వచ్చాయి. మూడు. నాలుగో గుడ్డు అట్లాగే ఉండిపోయింది. ఆ మూడూ తడి ఆరగానే, పుల్లల్లాంటి కాళ్లతో తల్లి వెంట నీళ్ల దాకా నడిచాయి.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ ఇప్పుడే చూస్తే నిన్న నేసిన చీర అంచు ఒకచోట కొంచెం వంగి ఉంది. పోగుదే తప్పు కావచ్చు. అయినా ఎందుకైనా మంచిదని చెప్పేస్తున్నాను.

నన్ను తుమ్మల దాకా తిప్పింది నిజం. పొట్ట తడుపుకోవడం నిజం. బావ ముందు పిట్ట దిగలేదు. అది పైన తిరుగుతూ అరిచిందంతే. ట్రాక్టర్ ముందు కుంటింది నేను. మోకాలు పట్టుకుని మొరంలో పడి, అమ్మా అని ఒర్రాను. బావ బెదిరిపోయి, నన్ను ట్రాలీలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయాడు. మొరం ఎత్తే మనిషి లేక పని ఆగింది. మేస్త్రి ఇంకో ఇంటికి పోయాడు. పన్నెండు రోజులు నేను కుంటుతూనే ఉన్నాను. రోజూ పొద్దున బావే తన బండి మీద కుంట దాకా తీసుకుపోయి, గాలి మారితే నొప్పి తగ్గుతుందని గట్టు మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చునేవాడు. పిల్లల్ని ముందు చూసింది కూడా ఆయనే.

బావ ఇల్లు నెల ఆలస్యంగా లేచింది. లేచింది కదా. నేను క్షమాపణ చెప్పను.

మళ్లీ ఫాల్గుణం వచ్చింది. ఆ గడ్డ మీద మళ్లీ నాలుగు గుడ్లు. ప్రహరీ గోడకు మొరం కావాలని బావ నిన్న ఫోన్ చేశాడు. ఇది చదివాక మోకాలి సంగతి ఎలాగూ నమ్మడు. అందుకే పొద్దుటి నుంచి నాకు నడుము పట్టేసింది.