నాగులమ్మ పాట ఆపించిన రోజు

నాగులమ్మ పుట్టింది నకరికల్లులో, మెట్టింది రాజుపాలెంలో. రెండు చోట్లా రాళ్ళే. పుట్టింట్లో తండ్రి రాళ్ళు కొట్టేవాడు, అత్తింట్లో మొగుడు చిన్నకోటయ్య బావులు తవ్వేవాడు. పల్నాడులో బావి తవ్వడమంటే ఏటి ఒడ్డున చెలమ తీయడం కాదు. పైన మూరెడు మట్టి, కింద అంతా బండ. ఆ బండను మందు కూరి పగలగొట్టాలి, ముక్కలకు మోకుతాడు కట్టాలి, గిలక మీదుగా పైకి లాగాలి. అన్నం తిని చేసే పని కాదది, ప్రాణం తిని చేసే పని.

పిల్లకు నోరెక్కువని వచ్చిన సంబంధాలు కొన్ని వెనక్కి పోయాయి. ఆ నోరే బావి గట్టున కూడు పెట్టింది. మోకు లాగేవాళ్ళు గట్టుకు దూరంగా ఉంటారు, వాళ్ళకు లోపలేం కనపడదు. అంచున నిలబడి రాయి ఎటు పోతున్నదో చూస్తూ, కింది మాట పైకి, పై మాట కిందికి అందించడం నాగులమ్మ పని.

వాళ్ళ ముఠాకు ఒక కట్టుబాటుంది. బావిలో ఉన్నవాడి మాటే మాట. లాగమంటే లాగాలి, ఆపమంటే ఆపాలి. చిన్నకోటయ్య తండ్రికి కాలు పోయింది గట్టు మీదివాడు సొంత తెలివి చూపించబట్టే. అందుకే ఆ కట్టుబాటు దేవుడి ఆనతో సమానం.

పెద్ద యుద్ధం జరుగుతున్న రోజులు. కొత్త మోకు ఎక్కడా దొరకడం లేదు. వెంకట్రామయ్యగారి మిరపతోటలో బావి పని. పాత మోకుతోనే ఎద్దు తలకాయంత బండను కట్టి చిన్నకోటయ్య కిందనుంచి కేకేశాడు.

"లాగండ్రోయ్!"

మరిది అంకారావు పాట ఎత్తుకున్నాడు. పాటకు వాడు మొనగాడు. వాడు గొంతెత్తితే బరువు సగం అవుతుందని కూలీలనే మాట, ఆ మాటకు వాడు పొంగిపోవడమూ ఊరంతా ఎరిగిందే. "హైసా" అన్నప్పుడల్లా మోకు పట్టిన నలుగురూ ఒక్క గుంజు గుంజుతున్నారు.

బండ సగం దూరం లేచేసరికి గోడలోంచి పొడుచుకొచ్చిన రాతిపలుకు దాన్ని పట్టుకుంది. ఇంకో గుంజుకు విడిపోయి ఊగడం మొదలుపెట్టింది. ఉత్తరపు గోడ వైపు పోయి క్షణం నిలిచి, మళ్ళీ దక్షిణానికి.

మొదట నాగులమ్మ కంగారుపడలేదు. ఊగిన రాయి తనే అలిసిపోతుంది. కానీ ఇది అలిసిపోవడం లేదు, పెరుగుతున్నది. అటు చివర నిలిచినప్పుడు మోకు తేలిగ్గా ఉంటున్నది. నడిమికి దూసుకొచ్చేసరికి గిలక మూలుగుతున్నది. సరిగ్గా ఆ మూలుగు దగ్గరే అంకారావు "హైసా" పడుతున్నది. బరువు తెలిసిన చోట మగాళ్ళు ఇంకా గట్టిగా గుంజుతున్నారు.

ఉయ్యాల మీద నిలబడి ఊగిన ఏ ఆడపిల్లకైనా తెలుసు. నడిమికొచ్చినప్పుడు లేచి నిలబడితే ఉయ్యాల ఆకాశానికి లేస్తుంది. అక్కడే గొంతుక్కూర్చుంటే చచ్చుబడుతుంది. వీళ్ళు గుంజే ప్రతి గుంజూ బండ ఊపుకు బలం పోస్తున్నది.

"పాట ఆపు అంకారావూ!"

"నా పాటేం చేసింది వదినా నిన్ను? నీ నోటికంటే నయమేగా!"

బండ ఉత్తరపు గోడకు కొట్టుకుంది. పెళ్ళలు జలజలా రాలాయి. కిందనుంచి చిన్నకోటయ్య గొంతు చీలిపోయింది.

"లాగండ్రా! తొందరగా లాగండి! నెత్తి మీదనే ఊగతంది!"

"విన్నావా? కిందోడే లాగమంటన్నాడు," అన్నాడు అంకారావు.

పాత మోకు పురి విచ్చుకోవడం నాగులమ్మ కళ్ళారా చూసింది. లాగితే తెగుతుంది. ఊరికే పట్టుకుంటే గోడకు కొట్టుకుని కట్టు జారుతుంది. మిగిలింది ఒక్కటే, ఆ బండను మొగుడి మీదికే దించడం.

"నోర్ముయ్యరా! మీ అన్న బతకాలంటే నోరు మూసి నా మాట విను. నేను ఒదులు అన్నప్పుడు జానెడొదలండి. పట్టు అంటే పట్టండి!"

"కట్టుబాటు దాటతన్నావు వదినా. ఏమన్నా అయితే?"

"అయితే పుస్తెలతాడు తెంపుకునేది నేనేగా, నువ్వు కాదు. ఒదులు!"

అంకారావు నోరు మూశాడు. బండ నడిమికి రాగానే మోకు జానెడు జారింది. చివరికి పోగానే "పట్టు!" అని అరిచింది. మళ్ళీ నడిమికి, "ఒదులు!"

"ఎవర్రా ఒదిలేది! లంజాకొడకల్లారా, చంపతారంట్రా నన్ను!" కింద చిన్నకోటయ్య కేకలు బావంతా మోగుతున్నాయి.

"అది వచ్చేది ఉత్తరం దచ్చినం. నువ్వు తూరుపు గోడకంటుకో! మాట్టాడమాక!"

కూలీల అరచేతులు మోకు ఒరుసుకుని కమిలిపోతున్నాయి. ఊపు కొంచెం తగ్గింది. గోడ దాకా పోయేది, ఇప్పుడు బారెడు దూరంలోనే వెనక్కి తిరుగుతున్నది. ఆమె తొందరపడలేదు. తొందరపడితే నడిమి తప్పుతుంది. "ఒదులు... పట్టు..." గొంతు బొంగురుపోయింది. అంకారావు కళ్ళు మూసుకుని ఆమె మాటనే పట్టుకున్నాడు. చివరికి ఊపంతా చచ్చి, బండ బావి అడుగున కూర్చుంది.

కిందనుంచి చప్పుడు లేదు.

"ఏమయ్యా!"

ఆమె అంచు మీదికి వంగింది.

"ఏమయ్యా, ఉన్నావా?"

"ఉండానే దొంగముండా," అన్నాడు చిన్నకోటయ్య. "నేను లాగమంటే నువ్వు దించుతావా?"

"దించా. లాగితే నిన్ను తట్టకెత్తుకోవాల్సొచ్చేది."

మోకును మోచేతికి చుట్టుకుని చూసుకున్న అంకారావు, విచ్చుకున్న పురిని వేలితో తడిమి, కూలబడ్డాడు. చిన్నకోటయ్య పైకొచ్చాక చాలాసేపు భార్య మొహం చూడలేదు. అతని భుజం మీద రాలిన పెళ్ళలు గీసిన గీతలున్నాయి. మోకు తనూ చూశాడు, దెబ్బతిన్న చోట కోసి ముడేశాడు. ఆ తర్వాత మొగుడూ పెళ్ళాం ఏం మాట్లాడుకున్నారో ఎవరూ వినలేదు.

మర్నాడు బావిలోకి దిగబోతూ చిన్నకోటయ్య నాగులమ్మ వైపు చెయ్యి చూపి ముఠా అందరి ముందూ అన్నాడు.

"రాయి నేలమీదున్నంతసేపూ నా మాట. గాల్లో కదిలినాక దాని మాట."

అంకారావు గొంతు సవరించుకున్నాడు. అలవాటు మరి. నాగులమ్మ ఒక్క చూపు చూసింది. వాడు పాటను ఆ సవరింపు దగ్గరే మింగేశాడు.