దొన్ బెనిగ్నో ఎడమ మోకాలు, మొదటి నుంచి

దొన్ బెనిగ్నో ఏ సంగతినీ మధ్యలోంచి చెప్పలేడు. టైమెంతయిందని అడిగినా సరే, వాళ్ళ అమ్మమ్మ ఒంటికన్ను గుర్రాన్ని తెప్ప ఎక్కించుకుని పరానా నది దాటిన రోజు దగ్గర ఎత్తుకుంటాడు. ఆ రోజు వాన. తెప్పవాడికి జలుబు. గుర్రానికి ఆ తెప్పవాడంటే అసహ్యం. ఇదంతా అయ్యాక అమ్మమ్మ ఒడ్డున దిగాలి, పెళ్ళాడాలి, పిల్లల్ని కనాలి, ఆ పిల్లల్లో ఒకావిడ దొన్ బెనిగ్నోని కనాలి, ఆయన పెరిగి పెద్దవాడై గడియారం కొనుక్కోవాలి. అప్పటికి అడిగినవాడి బస్సు వెళ్ళిపోయి ఉంటుంది.

క్లుప్తంగా మాట్లాడడం గొప్ప గుణమని పుస్తకాల్లో రాస్తారు. రాసినవాళ్ళేమో అయిదు సంపుటాలకు తగ్గరు. కాబట్టి దొన్ బెనిగ్నోని తప్పు పట్టనక్కర్లేదు. గోయా ఊళ్ళో ఎవరూ పట్టలేదు కూడా. రొట్టెల కొట్టావిడ ఆయన వరుసలో కనబడగానే, ఏం కావాలని అడిగే సాహసం చేయకుండా, వేడి వేడి చిపా రొట్టెల పొట్లం చేతిలో పెట్టి పంపేసేది. మంగలి మాత్రం పనిగట్టుకుని అడిగేవాడు. అమ్మమ్మ నదిలో ఉన్నంతసేపూ షాపులోంచి గిరాకీ కదిలేది కాదు.

ఊరు ఆయన్ని భరించడానికి ఇంకో కారణం బాండోనియన్. శనివారం డాన్సుల్లో ఎడమ కాలు పీట మీద పెట్టి, ఆ మోకాలి మీద వాయిద్యాన్ని పరుచుకుని, తిత్తిని అటూ ఇటూ సాగదీస్తుంటే ముసలమ్మలకు కూడా కాళ్ళు ఆగేవి కావు. వాయిస్తున్నంతసేపూ ఆయన నోరు విప్పడు. ఊళ్ళో డాన్సులు అన్నేసి జరగడానికి అదే కారణమని గిట్టనివాళ్ళు అనేవారు.

అలాంటి మనిషి ఒకరోజు కర్ర పట్టుకుని, కుంటుకుంటూ ఫిదెలా అల్మిరోన్ ఆఫీసు మెట్లెక్కాడు. ఫిదెలా వకీలు. వాళ్ళ నాన్న ఒకప్పుడు దొన్ బెనిగ్నో బృందంలో గిటారు వాయించేవాడు కాబట్టి ఆమెకు ఆయన బాబాయ్.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతాను. నొప్పి ఏ కాలికో వేలితో చూపించు. నోటితో వద్దు."

ఆయన కుడి మోకాలు చూపించాడు.

"డాక్టరు కోసింది?"

ఎడమ మోకాలు చూపించాడు. అక్కడితో వేలికి ఓపిక అయిపోయింది, నోరు అందుకుంది. తెప్ప, వాన, జలుబు అన్నీ దాటాక తేలింది ఇది. ఆపరేషన్‌కి వెళ్ళే ముందు ఆయన దారిపక్కన గౌచీతో అనే పల్లె దేవుడి గుడి దగ్గర ఆగి, రక్షగా ఒక ఎర్ర రిబ్బను తెచ్చుకుని ఎడమ మోకాలికి కట్టుకున్నాడు.

"ఎడమదానికెందుకు? నొప్పి కుడిదానికైతే?"

"కుడిదాన్ని చూసుకోడానికి డాక్టరున్నాడు గదమ్మా. ఎడమదానికి ఎవరున్నారు? అది బాండోనియన్ మోకాలు తల్లీ! కత్తులు తిరిగే చోటికి తీసుకెళ్తున్నాను, దాని క్షేమం ఎవరో ఒకరికి అప్పజెప్పాలా వద్దా?"

డాక్టరు గదిలోకి వచ్చాడు, రిబ్బను చూశాడు, అదే కోయాల్సిన కాలన్నాడు, కోసేశాడు.

"నువ్వు మత్తులో ఉన్నావా?"

"లేదమ్మా. నడుం దగ్గర సూది పొడిచారు. కింద చచ్చుబడింది, పైన మెలకువే."

"మరి చెప్పలేదా, ఇది కాదు మొర్రో అని?"

"చెప్పకేం! గుడ్డ అడ్డం కట్టగానే అనుమానమొచ్చి వెంటనే మొదలుపెట్టాను. కానీ అమ్మమ్మ తెప్ప ఎక్కేసరికి రిబ్బను కత్తిరించేశారు. ఒడ్డు చేరేసరికి కుట్లు వేస్తున్నారు."

ఫిదెలా సొరుగులో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకుని, భుజాలు ఊగిపోకుండా బల్ల పట్టుకుంది. తల ఎత్తాక నవ్వు లేదు. ఎడమ కాలు ఇప్పుడు వంగడం లేదు, పీట మీదికి రావడం లేదు. శనివారాలు డాన్సుల్లో రికార్డులు పెడుతున్నారు. బాండోనియన్ పెట్టెలో ఉంది. క్లినిక్ వాళ్ళేమో రిబ్బను కట్టి డాక్టర్ని తప్పుదారి పట్టించింది రోగేనని రాసి పంపారు. వాళ్ళు తప్పు ఒప్పుకుంటేనే రాజధానిలో మంచి డాక్టరు చేత రెండు కాళ్ళకీ మళ్ళీ వైద్యం చేయించే దారి.

"కోసే ముందు ఆ గదిలో ఎవరైనా 'ఈ కాలు కాదు' అన్నారా బాబాయ్? ఒక్కరన్నా చాలు, గెలిచేస్తాం."

దొన్ బెనిగ్నో పైకప్పు వైపు చూశాడు. "ఆ గదిలో దీపం ఉంది చూశావూ, అచ్చం మన క్లబ్బులో దీపమే. ఆ క్లబ్బు కట్టినాయన ఎవరనుకున్నావ్..."

ఆ తర్వాత ఫిదెలా ఎన్నిసార్లు అడిగినా అంతే. తెప్పవాడి జలుబుని కూడా వదలని మనిషి, ఆపరేషన్ బల్ల దగ్గరికి రాగానే దీపం మీదికి గెంతేవాడు. వయసు మీద పడుతోంది పాపం, అనుకుంది ఆమె.

కోర్టుకి వెళ్ళే ముందు మధ్యవర్తి దగ్గర కూర్చోవాలి. మధ్యవర్తి సెన్యోరా నేలిదా ఆ ఊరి మనిషే. బల్ల మీద ఫ్లాస్కు పెట్టుకుని, మాతే అనే ఆకు టీని బుర్రకాయలో కలిపి అందరికీ వంతులవారీగా అందించేది. క్లినిక్ తరఫు వకీలు బ్యూనస్ ఎయిర్స్ నుంచి వచ్చాడు, ఆలోచనలో పడి మొదటి వంతుకే థాంక్స్ చెప్పేశాడు. అక్కడ థాంక్స్ అంటే ఇక చాలని. పాపం, మధ్యాహ్నం దాకా బుర్రకాయ ఆయన ముక్కు ముందు నుంచే తిరిగింది గానీ చేతికి రాలేదు.

"దొన్ బెనిగ్నో గారూ," అన్నాడు దాహంతో. "రిబ్బను మీరే కట్టుకున్నారా, లేదా? అవును, కాదు. ఒక్క ముక్క."

"మా అమ్మమ్మ తెప్ప ఎక్కిన రోజు..."

"తెప్పకీ మా క్లినిక్కీ ఏమిటండీ సంబంధం?"

"అక్కడికే వస్తున్నా బాబూ, తొందరపడకు. ఆ రోజు వాన. తెప్పవాడికి జలుబు."

"అయ్యో," అంది సెన్యోరా నేలిదా బుర్రకాయ నింపుతూ. "గుర్రానికి అంటుకోలేదు గదా?"

"సెన్యోరా, మీరు కూడానా!" అన్నాడు వకీలు.

ఫిదెలా కుర్చీ దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించింది. "బాబాయ్, ఇంక ఇదే అవకాశం. ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఆ దీపం..."

"దీపం తగలెయ్య! కేసు పోతుంది బాబాయ్. బాండోనియన్‌కి బూజు పడుతుంది."

ఆయన ప్యాంటు మీద లేని ముడత ఒకటి సవరించుకున్నాడు. "పెట్టె మంచిదేనమ్మా. బూజు పట్టదు."

అప్పుడే తలుపు తెరుచుకుంది. తెల్ల కోటు మీద స్వెటర్ వేసుకున్న ఒకావిడ గుమ్మంలో నిలబడింది. క్లినిక్‌లో నర్సు, పేరు ఎర్మిందా. ఆమె జీతం మీద ఇల్లంతా బతుకుతుంది.

"నేను కొంచెం మాట్లాడాలి. దొన్ బెనిగ్నో గారికి నేను తెలుసు," అంది.

"ఈ అమ్మాయెవరో నాకు తెలీదు," అన్నాడు దొన్ బెనిగ్నో.

సెన్యోరా నేలిదా పోస్తున్న నీళ్ళు బుర్రకాయ నిండి బల్ల మీదికి పొర్లాయి. ఒక మనిషి గురించి దొన్ బెనిగ్నో నోటి నుంచి అమ్మమ్మ లేని వాక్యం రావడం ఆ ఊరి చరిత్రలో అదే మొదలు. అబద్ధమని కనిపెట్టడానికి ఫిదెలాకి ఇంకే సాక్ష్యమూ అక్కర్లేకపోయింది.

"తెలీదా?" అంది ఎర్మిందా. "మంగలి షాపులో చెప్పారు, కిటికీ అవతల నిలబడి విన్నాను. రొట్టెల కొట్టు వరుసలో చెప్పారు, మీ వెనకే నిలబడ్డాను. ఇవాళ నా పేరు వస్తుంది, ఇవాళ నా ఉద్యోగం ఊడుతుంది అని రోజూ భయపడి చచ్చాను. గుర్రం కన్ను వచ్చింది, తెప్పవాడి ముక్కు వచ్చింది. నేను మాత్రం రాలేదు. నన్నెందుకు వదిలేశారు తాతా?"

"దీపం చాలా పెద్దదమ్మా," అన్నాడాయన నేల చూపులు చూస్తూ. "దాని వెనక ఎవరూ కనబడలేదు."

ఎర్మిందా క్లినిక్ వకీలు వైపు తిరిగింది. "'డాక్టర్ గారూ, కాగితంలో కుడి కాలని ఉంది' అని నేను చెప్పాను. 'రోగికి తెలీదా తన కాలు? నువ్వు కత్తెర పట్టుకో' అన్నాడు. పట్టుకున్నాను. రిబ్బను కత్తిరించింది నేనే. ఈయన విన్నాడు. కావాలంటే అడగండి."

"విన్నావా బాబాయ్?" అంది ఫిదెలా.

దొన్ బెనిగ్నో ఎర్మిందా మొహం చూశాడు. ఆమె తల ఊపింది.

"అవును," అన్నాడు.

వకీలు కాగితాలు సర్దుకున్నాడు. తప్పు ఒప్పుకుంటామన్నాడు, వైద్యం చేయిస్తామన్నాడు. అయితే దొన్ బెనిగ్నో కదల్లేదు. ఈ అమ్మాయి ఉద్యోగం జోలికి ఎవరూ రాకూడదని ముందు రాయాలన్నాడు. అది ఈ కేసులో విషయం కాదన్నాడు వకీలు.

"ఎందుకు కాదో చెప్తాను విను బాబూ," అని దొన్ బెనిగ్నో కర్ర గోడకి ఆనించి, కుర్చీలో సుఖంగా వెనక్కి వాలాడు. "మా అమ్మమ్మ..."

తెప్ప ఒడ్డు వదలకముందే వకీలు సంతకం పెట్టేశాడు. అప్పుడు సెన్యోరా నేలిదా జాలిపడి ఆయనకొక మాతే ఇచ్చింది.

రాజధానికి వెళ్ళినప్పుడు ఎర్మిందా సెలవు పెట్టి మరీ వెంట వెళ్ళింది. అక్కడి డాక్టరు పద్ధతిగా అడిగాడు, "ముందు ఏ కాలు తాతగారూ?" అని. దొన్ బెనిగ్నో గొంతు సవరించుకున్నాడు.

"కుడి," అంది ఎర్మిందా, ఆయన నోరు తెరవకముందే.

ఇప్పుడాయన బాండోనియన్‌ని కుడి మోకాలి మీద పెట్టుకుని వాయిస్తున్నాడు. ఎడమ మోకాలు ఇంకా పూర్తిగా వంగదు, కాస్త అలిగినట్టు పక్కకి చాచి ఉంటుంది. కథలోకి ఎర్మిందా కూడా వచ్చింది, కాకపోతే ఆమె గురించి చెప్పాలంటే ముందు వాళ్ళ అమ్మమ్మ గురించి చెప్పాలి. ఆవిడ ఈ ఊరికి ఎద్దుల బండిలో వచ్చిందట. రొట్టెల కొట్టావిడ ఇప్పుడు ఆయన వీధి మలుపు తిరగగానే అమ్మమ్మకొకటి చొప్పున రెండు పొట్లాలు కట్టి సిద్ధంగా పెడుతోంది.