ఇనుప పెట్టెల్లో టేకు చెక్క

ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు కొత్తగూడెంలో బండి కదిలింది. చర్లకు తొంభై ఎనిమిది కిలోమీటర్లు. గంటకు ముప్పై అయిదు చొప్పున, భద్రాచలంలో టీకి పది నిమిషాలు కలుపుకుని, ఎనిమిది ముప్పై ఎనిమిదికి సంతలో ఉండాలి. నేను మాట ఇచ్చింది తొమ్మిదిన్నరకు. అంటే యాభై రెండు నిమిషాలు చేతిలో ఉన్నాయి. ఎడమ పెట్టెలో ఇరవై ఒక్క కిలోల నూరు గ్రాములు, కుడి పెట్టెలో కూడా ఇరవై ఒక్క కిలోల నూరు గ్రాములు.

ఎనభైల మధ్యలో నేను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరును. ఈ ప్రయాణానికి రెండు వారాల ముందు అడవి లోపలి గూడెం నుంచి ఒక కోయ స్త్రీ భద్రాచలం క్యాంపులో నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆ ఏడు ఆమె ఇంటి రాబడి మొత్తం ఒక కావడి చింతపండు. చర్ల సంతలో షావుకారు తూస్తే ప్రతి ఏడూ తక్కువే వస్తుందని ఆమె ఫిర్యాదు.

"ఈసారి నీ రాళ్లు వచ్చినంకనే తూపిస్త సారూ. అందాక అమ్మను. వస్తవా?" అంది.

"తొమ్మిదిన్నరకు ఉంటానమ్మా," అన్నాను.

బస్సులో వెళ్లడం కుదరదు. ఇన్‌స్పెక్టరు బస్సు దిగితే ఆ కబురు నాకంటే ముందే సంతలో తిరుగుతుంది, దొంగ రాళ్లు చింతపండు కుప్పల్లోకి దూరిపోతాయి. శాఖకు జీపు లేదు. నాకున్నది మూడు వందల యాభై సీసీల మోటారు సైకిలు. దానికి రెండు పక్కలా ఇనుప పెట్టెలు బిగించాలని నిర్ణయించుకున్నాను.

డ్రాయింగు నేనే గీశాను. పెట్టె పొడవు నాలుగు వందల అరవై మిల్లీమీటర్లు, ఎత్తు మూడు వందల ఎనభై, వెడల్పు రెండు వందల ముప్పై. సీటు కింది గొట్టానికి ఒక పట్టీ, వెనక షాకబ్జారు బోల్టుకు ఒక పట్టీ, వాటి మధ్య యాంగిల్ ఫ్రేము, ప్రతి బోల్టు కింద రబ్బరు వాషరు. సైలెన్సరు కుడివైపు ఉంటుంది కనుక వేడి తగలకుండా కుడి పెట్టెను డెబ్బై అయిదు మిల్లీమీటర్లు పైకి జరిపాను. వెల్డింగ్ షాపు యజమాని డ్రాయింగును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఒకటి మీదికి, ఒకటి కిందికి ఏంది సార్? కుంటి బర్రె లెక్క కొడతది. చూసేటోళ్లు నవ్వుతరు."

"చూసేవాళ్ల కోసం కాదు, సైలెన్సరు కోసం."

"సైలెన్సరు నవ్వదు గద సార్," అని, ఎడమది కూడా డెబ్బై అయిదు మిల్లీమీటర్లు పైకెత్తే వెల్డింగు చేశాడు. దాంతో బరువు పైకి పోయి, స్టాండు వేసిన ప్రతిసారీ బండి ఆలోచనలో పడ్డట్టు ఒక క్షణం ఆగి, ఎడమకు పడిపోయేది. విప్పించి, కిందికి దించి మళ్లీ బిగించాం. తర్వాత కిక్ కొడితే మడమ పెట్టె మూలకు తగిలింది. నలభై మిల్లీమీటర్లు వెనక్కి జరిపాం. మూడోసారి మరొక లోపం బయటపడింది. ప్రమాణపు ఇత్తడి రాళ్లన్నీ నిబంధన ప్రకారం ఒకే పెట్టెలో ఉండాలి, అవి ఇరవై ఒక్క కిలోల నూరు గ్రాములు. రెండో పెట్టెలో పెట్టిన త్రాసు, సుత్తి, ముద్రలు, రిజిస్టర్లు కలిపి తొమ్మిది కిలోల ఆరు వందలు. బండి ఎడమకు గుంజేది.

"మీరు కుడిదిక్కు వంగి కూసోండ్రి సార్, సాఫుగ పోతది," అన్నాడు యజమాని.

వంగలేదు. పదకొండు కిలోల ఐదు వందల గ్రాముల ఇసుక తూచి, సంచిలో కుట్టించి కుడి పెట్టెలో పెట్టాను. ఇక ఇత్తడి రాళ్లు ఇనుముకు రాసుకుంటే అరిగిపోతాయి, అరిగితే అవి ప్రమాణాలు కావు. అందుకని రెండు పెట్టెల లోపలా చెక్క పలకలు వేయమని పక్క వీధి వడ్రంగికి అప్పగించాను. మందం ఎనిమిది మిల్లీమీటర్లు ఉండాలన్నాను, రివెట్లు అరవై నాలుగు అన్నాను, మూలలు గుండ్రంగా చెక్కమన్నాను. అడగనిది ఒక్కటే: ఏ చెక్క అని.

దుమ్ముగూడెం దాటాక అడవి చెక్‌పోస్టు. సమయం ఏడు నలభై అయిదు. గార్డు నమస్తే పెట్టి, పెట్టెల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, మూత తీయమన్నాడు. తీశాను. అతను ఇత్తడి రాళ్లను చూడనే లేదు. తల లోపలికి పెట్టి గట్టిగా వాసన పీల్చాడు.

"ఇది టేకు గద సార్."

"అయ్యుండవచ్చు."

"అయ్యుండుడు ఏంది, టేకే. మా శాఖ సుత్తి ముద్ర ఏది? పర్మిట్ ఏది?"

రెండూ లేవు. ఆ ప్రాంతపు వడ్రంగికి చెక్క అంటేనే టేకు. పీట చేసినా, పశువుల కట్టుగొయ్య చేసినా అదే. అతనికి చెప్పాలని తోచలేదు, నాకు అడగాలని తోచలేదు.

గార్డు కుడి పెట్టె కూడా తెరిచాడు.

"ఈ ఇసుక ఎందుకు సార్?"

"బరువుకు."

"బరువులు ఆ పెట్టెల ఉన్నయి గద?"

"ఆ బరువులకు బరువు."

అతను నా ముఖం కాసేపు చూసి, ఇసుక జోలికి పోలేదు. పెట్టెలు మాత్రం పోనివ్వలేదు. రాళ్లు సర్కారువే, తీసుకుపోవచ్చు. పెట్టె నాదే, తీసుకుపోవచ్చు. రెంటికీ మధ్యనున్న ఎనిమిది మిల్లీమీటర్లు మాత్రం జప్తు. అంత సన్నని పలకకు ఘనపుటడుగుల లెక్క కుదరదు కనుక, చిల్లర టేకును తూకంలో రాసుకుంటామన్నాడు. ఫారెస్టరు వచ్చి జరిమానా వేసేదాకా ఆగాలి. జరిమానా వేయాలంటే తూకం కావాలి. అతను రేకుల షెడ్డులోంచి ఒక త్రాసు, నాలుగు ఇనుప రాళ్లు తెచ్చాడు.

అలవాటు ప్రకారం రాళ్లను తిప్పి అడుగు చూశాను. అడుగున పోసిన సీసం మీద ఉన్న మా శాఖ ముద్ర మూడేళ్ల నాటిది. గడువు రెండేళ్లు.

"ఈ రాళ్లతో తూచడం చట్టవిరుద్ధం," అన్నాను.

"మరి ముద్ర ఎవరు కొట్టాలె?"

"నేను."

"కొట్టండ్రి."

"కొట్టాలంటే నా ప్రమాణపు రాళ్లతో పోల్చాలి. అవి నీ జప్తులో ఉన్న పెట్టెలో ఉన్నాయి."

గార్డు చాలాసేపు ఆలోచించాడు. ఈలోగా పది ఇరవైకి చర్ల బస్సు వచ్చి ఆగింది. బస్సులోని వాళ్లందరూ కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టి, రెండు ఇనుప పెట్టెల బండినీ, దాని ముందు నేల మీద కూర్చుని వాదించుకుంటున్న ఇద్దరు సర్కారు మనుషులనీ తీరిగ్గా చూశారు. బస్సు వెళ్లిపోయింది.

చివరికి గార్డు నాకు పెట్టె తెరవడానికి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చాడు. అతని నాలుగు రాళ్లనూ నా రాళ్లతో పోల్చాను. ఒక్క గ్రాము కూడా తేడా లేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత నిక్కమైన రాళ్లు నేను చూసింది తక్కువ. ముద్రలు కొట్టి, ఎనిమిది రూపాయల రుసుము తీసుకుని రసీదు ఇచ్చాను. అప్పుడు అతను అరవై నాలుగు రివెట్లూ ఉలితో లేపి, పలకలు ఊడదీసి, నేను చట్టబద్ధం చేసిన రాళ్లతో నా చెక్కను తూచాడు. మూడు కిలోల ఎనిమిది వందల యాభై గ్రాములు. మూడు కిలోల ఎనిమిది వందలని రాయబోతే నేనే సరిదిద్దాను.

"మీరే గిట్ల చెప్తే నేనేం జేయాలె సార్," అన్నాడు గార్డు, నొచ్చుకుంటూ. జీపులో పన్నెండున్నరకు వచ్చిన ఫారెస్టరు ఎనభై అయిదు రూపాయల జరిమానా వేశాడు. రాళ్ల మధ్య సర్దడానికి షెడ్డు పక్కనున్న బీడీల తునికాకు కట్ట ఒకటి అడిగాను.

"అదీ పర్మిట్ సరుకే సార్." గార్డు తన ఎడ్ల కోసం దాచుకున్న వరిగడ్డి ఇచ్చాడు.

ఒకటీ అయిదుకు బయలుదేరాను. గడ్డి నిలవలేదు. మొదటి గుంతకే ఇత్తడి ఇనుముకు తగిలిన చప్పుడు వినిపించింది. చొక్కా విప్పి రాళ్లకు చుట్టాను, బనీనుతో కూర్చున్నాను. వేగంగా పోతే సంత దొరకవచ్చు, కాని రాళ్లు అరుగుతాయి. అరిగిన రాళ్లతో ఏ షావుకారునీ పట్టుకోలేను. గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో మిగిలిన ముప్పై ఒక్క కిలోమీటర్లు నడిపాను.

మూడూ తొమ్మిదికి చర్ల చేరాను. సంత ఎత్తేశారు. ఆమె రెండు ఖాళీ బుట్టల పక్కన కూర్చుని ఉంది. వెంట వచ్చినవాళ్లు వెళ్లిపోయారట.

"అమ్మిన సారూ. రెండయ్యేదాక చూసిన. అందరు పోతాంటే ఇగ ఆగలే."

"ఎంత తూగింది?"

"ముప్పై ఒకటన్నడు."

"నిజానికి ఎంత ఉండాలి?"

"నాకేం ఎరుక? గది ఎరుకైతదనే గద నిన్ను రమ్మన్నది." కాసేపు నా బనీను వంక చూసింది. "నీ అంగీ ఏది?"

"రాళ్లకు తొడిగాను."

ఆమె నవ్వలేదు. కావడి బద్ద భుజాన వేసుకుని లేచింది.

షావుకారు దుకాణానికి పోయాను. అతని రాళ్లన్నీ కొత్తవి, ముద్రలు తాజావి, తూకం సరిగ్గా ఉంది. ఆమె సరుకు తూచినవి ఎక్కడని అడిగితే ఇవే అన్నాడు. ఆమె చింతపండు అప్పటికే పెద్ద కుప్పలో కలిసిపోయింది.

"మీరు చెక్‌పోస్టు కాడ కూసున్నరని బస్సోళ్లు చెప్పిన్రు సార్. పొద్దటి సంది ఎండల ఉన్నరు, మజ్జిగ తాగుతరా?" అన్నాడు. నిజంగానే దాహంగా ఉంది. తాగలేదు.

ఆ రాత్రి క్యాంపులో డైరీలో ఇలా రాశాను.

పెట్టెలు, ఫ్రేము, మూడుసార్ల బిగింపు: ఆరు వందల నలభై రూపాయలు. చెక్క పని: డెబ్బై రూపాయలు. జరిమానా: ఎనభై అయిదు రూపాయలు. వసూలైన ముద్ర రుసుము: ఎనిమిది రూపాయలు, ఖజానాకు. జప్తయిన టేకు: మూడు కిలోల ఎనిమిది వందల యాభై గ్రాములు. రివెట్లు: అరవై నాలుగు. చొక్కా: ఒకటి. చెక్‌పోస్టు వద్ద గడిచిన కాలం: ఐదు గంటల ఇరవై నిమిషాలు. ప్రమాణపు రాళ్ల అరుగుదల: లేదు. నమోదైన కేసులు: లేవు. ఫిర్యాదుదారు చింతపండు, షావుకారు తూకంలో: ముప్పై ఒక్క కిలోలు. అసలు తూకం: తెలియదు.