తొట్లకు పడిన అదనపు చార్జీ

మామిడి సీజన్‌లో కర్నూలు నుంచి కడపకు ఒక ఉయ్యాల పంపాలంటే ఎంతవుతుందో తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఇద్దరే ఉంటారు. ఒకరు పార్సిల్ ఆఫీసు గుమాస్తా, రెండోదాన్ని నేను.

కడపలో ఉండే మా తమ్ముడికి పెళ్ళయిన పదకొండేళ్ళకు పాప పుట్టింది. ఆ కబురు ఫోనులో విన్నప్పుడు నేను ఆఫీసులో బిల్లుల మీద ముద్రలు కొడుతున్నాను. ఎవరికైనా చెప్పాలనిపించింది. చుట్టూ చూసి చివరికి అటెండరుకు చెప్పాను. "మంచిదమ్మా" అని అతను టీ గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయాడు. మా ఆయన పోయాక ఆయన ఉద్యోగమే నాకిచ్చారు. ఆయన కుర్చీలోనే కూర్చుంటాను. ఆరేళ్ళయినా అక్కడ నాతో నాలుగు మాటలు మాట్లాడేవాళ్ళు లేరు. ఇంటికొస్తే అసలే లేరు.

పద్దెనిమిదో రోజున తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు.

"అక్కా, మన తొట్ల నీకాడనే ఉండాది గదా. శుక్రవారం పాపను తొట్లలో ఏస్తాండాం. అది కావాల."

తొట్ల అంటే ఉయ్యాలే. మా అమ్మ మమ్మల్నిద్దరినీ అందులోనే పడుకోబెట్టింది. నా పెళ్ళయిన ఏడాదికి, ఇక నీకే అవసరమని నా ఇంటికి పంపింది. నా ఇంట్లో అందులో పిల్లలెవరూ పడుకోలేదు. అటక మీద పెట్టి దాన్లో పాత బొంతలు వేసుకున్నాను.

మా వైపు బిడ్డను మొదటిసారి తొట్లలో వేసేది మేనత్త. చెవిలో పేరు చెప్పేదీ ఆమే. ఆ పాపకు ఉన్న ఒకే ఒక్క మేనత్తను నేను. అందుకే తమ్ముడి నోటినుంచి తర్వాతి మాట కోసం ఫోను చెవికి అదుముకుని ఆగాను. ఎప్పుడొస్తావు అనలేదు. రా అనలేదు.

"పంపిస్తాలేరా" అన్నాను.

"సరేక్కా" అన్నాడు.

నాకు ముక్కు మీద కోపం, నిజమే. కానీ ఆ రోజు వచ్చింది ఉత్త కోపం కాదు. మా ఊళ్ళలో ఆడవాళ్ళను శుభకార్యానికి పిలవాలంటే ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలుస్తారు. మొగుడు పోయినదాన్ని ఎట్లా పిలవాలో ఎవరికీ తెలియదు. బొట్టు పెట్టకూడదంటారు, పెట్టకపోతే పిలిచినట్టు కాదంటారు. ఎందుకొచ్చిన గొడవ అని ఊరుకుంటారు. నాలుగేళ్ళ కిందట తమ్ముడి గృహప్రవేశంలో వాడి అత్తగారు కుంకుమ భరిణె పట్టుకుని వరసగా అందరికీ బొట్టు పెడుతూ వచ్చింది. నా దగ్గరికి రాగానే తల దించుకుని నన్ను దాటి పక్కనున్నామె దగ్గరికి పోయింది. చెడ్డ మనిషేమీ కాదు. ఆమెకూ కష్టంగానే ఉండి ఉంటుంది. నేను మాత్రం భోజనం చేయకుండా మధ్యాహ్నం బస్సుకే వచ్చేశాను. ఆ సంగతి ఆ తర్వాత నేనూ ఎత్తలేదు, వాళ్ళూ ఎత్తలేదు.

అందుకని ఈసారి నాకొక మాట కావాలి. రమ్మని ఒక్క మాట. అది లేకుండా ఆ గడప తొక్కకూడదని తీర్మానించుకున్నాను. తీర్మానించుకున్న చేత్తోనే శుక్రవారానికి సెలవుచీటీ రాసి సంచిలో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. ఎవరికీ ఇవ్వలేదు, చించెయ్యనూ లేదు.

బొంతలు తీసి తొట్లను తుడిచి కొబ్బరినూనె రాశాను. ఖాళీ తొట్లను ఊపకూడదు, ఇల్లు దాటించకూడదు అనేది మా అమ్మ. బిడ్డకు ముందు అందులో పొత్రాన్ని పడుకోబెట్టి ఊపుతారు, బిడ్డ రాయిలా గట్టిగా ఉండాలని. మా రోటి పొత్రాన్ని కడిగి, పాత చీరముక్కలో చుట్టి, తొట్ల మధ్యలో కదలకుండా కట్టాను. ఆటో అతను దాన్ని ఎత్తబోయి నా వైపు ఒకసారి చూశాడు.

ఆ పార్సిల్ ఆఫీసు ఒక బస్సుల కంపెనీది. సరుకు వాళ్ళ బస్సుల మీదే వేసి పంపుతారు. బుధవారం నేను వెళ్ళేసరికి లోపల అడుగు పెట్టడానికి జాగా లేదు. బనగానపల్లె మామిడిపండ్ల పెట్టెలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. వాసనకు ఆకలి వేసింది. గుమాస్తా టేపు పెట్టి తొట్లను మూడు వైపులా కొలిచి, పెదవి విరిచాడు.

"దీనికి సీజన్ చార్జీ పడతాదమ్మా."

"ఏం సీజనప్పా? ఇదేమన్నా మామిడిపండా?"

"పండు గాకపోయినా బస్సు టాపు మీద జాగా తినేది తినేదే గదమ్మా. పెద్ద సైజు సరుకుకు ఈ రెండు నెల్లూ రేటు ఎక్కువ. పైగా దీనికి నాలుగు కాళ్ళు బయటికుండాయి. దీనిమీద ఇంగో పెట్టె పెట్టేదానికి ల్యా. ఎట్ల పెట్టినా ఒదగదు. ఒదగని సరుకుకు ఇంగో చార్జీ."

గోడ మీద కాగితం కూడా చూపించాడు. ఆ వరసలో డ్రమ్ములు, సైకిళ్ళు, మంచాలు ఉన్నాయి. ఒదగని సరుకుకు సీజన్‌లో రేటు వేరేనట. ముహూర్తాల సీజన్‌లో నా సంగతీ అంతే కదా అనుకున్నాను. అనుకుని, నా మీద నేనే జాలిపడుతున్నానని ఒళ్ళు మండింది.

అతను తొట్లను కాటా మీద పెట్టి, ముల్లు చూసి, చీరముక్క విప్పాడు.

"రాయి ఎందుకమ్మా దీంట్లో?"

"ఖాళీ తొట్ల పంపకూడదప్పా."

"కడపకు దుడ్లు కట్టి రాయిని పంపుతాండారా? కడపలో రాళ్ళకేం కరువమ్మా!"

ఆ వారంలో నేను నవ్వింది అప్పుడే. పొత్రం తీసెయ్యమన్నాడు, బరువు చార్జీ ఒక మెట్టు తగ్గుతుందన్నాడు. తీయనన్నాను. అతను రసీదు పుస్తకం తెరిచి, రాయబోయి ఆగాడు.

"మీరే దీని ఎంబడి పోరాదా అమ్మా? టికెట్టు తీసుకుంటే పాసింజరు లగేజీ కింద రాస్తా. ఈ చార్జీలేవీ పడవు. రేపు పొద్దున ఆరుగంటల బస్సు. మీకూ సగం మిగులుతాది."

అతని పెన్ను నా మాట కోసం ఎదురుచూస్తోంది. సంచిలో సెలవుచీటీ ఉంది. ఊ అంటే చాలు. నేను కడప వెళ్ళడానికి వంక కూడా దొరికింది. చార్జీ ఎక్కువైందని వచ్చాను అంటే ఎవరూ ఏమీ అనలేరు. కానీ తొట్లతోపాటు లగేజీలా దిగడం నాకు చేతకాలేదు.

"ఆఫీసుందప్పా, కుదరదు" అని అబద్ధమాడి డబ్బు కట్టాను. ఆ ఎక్కువ డబ్బు తొట్ల కోసం కట్టానని అతననుకున్నాడు. పిలవని పేరంటానికి వెళ్ళకుండా ఉండడానికి కట్టాను. అంత డబ్బు పెట్టి మర్యాద కాపాడుకున్నాననుకుంటూ ఇంటికి నడిచాను.

శుక్రవారం ఆఫీసుకే వెళ్ళాను. ముహూర్తం పదకొండుకని క్యాలెండరులో నేనే చూసుకున్నాను. పదకొండు కాగానే ఫైలు మీద తల వంచి, పాపకు నేననుకున్న పేరు మూడుసార్లు పైకి వినపడకుండా చెప్పాను. పక్క సీటాయన ఏమన్నా అన్నారా మేడం అని అడిగాడు. ఏమీ లేదన్నాను.

సాయంత్రం వంటింట్లో ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు. పాప ఏడవలేదట. తొట్ల చూసి అందరూ మెచ్చుకున్నారట.

"ఎవురేసిరి పాపను?" అని అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను.

"మా అత్త. ఆమె శానా సేపు ఏయల్యాక్కా. ఆడబిడ్డ వస్తాది, ఆయమ్మే ఏయాల అని పాపను ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చునె. ముహూర్తం దాటిపోతాందని అందరూ అరిస్తే అప్పుడేసె."

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. కట్టేయాలని కూడా తోచలేదు.

"నాకు నిన్ననే తెలిసిపాయ నువ్వు రావని" అన్నాడు. "తొట్ల ఎంబడి వస్తావనుకుని బస్టాండుకు పోతి. టాపు మీంచి తొట్ల దించిరి. నువ్వు దిగుతావేమోనని డోరు కాడ నిలబడితి. అందరూ దిగిపాయిరి. నిద్రపోయినావేమోనని లోపలికెక్కి గూడా సూస్తి."

నన్ను రమ్మని నువ్వు అనలేదు కదరా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగింది.

"మామిడి సీజన్ గదరా. శానా రద్దీ. సీటు దొరకల్యా" అన్నాను.

"బస్సులో సగం సీట్లు ఖాళీగానే ఉండెనక్కా" అన్నాడు.