తెర చాటు బాబాయి

మా నాటక సమాజంలో నలభై ఒక్క ఏళ్లుండి, ఒక్కసారి కూడా స్టేజీ ఎక్కని మనిషి మా బాబాయి. పగలంతా గడియారాల రిపేరు. సాయంత్రం తెర చాటున స్టూలు మీద కూర్చుని, మాట మర్చిపోయిన నటుడికి గుసగుసగా అందించడం. చప్పట్లు మాకు, చెమటలు ఆయనకు. పోనుపోను కూరలో ఉప్పు అడగాలన్నా గుసగుసే అయింది. "దొంగతనానికొచ్చినట్టు ఆ మాటలేంటండీ!" అని పిన్ని బతికున్నన్నాళ్లూ కసురుతూనే ఉండేది.

మా సమాజానికి హాలు ఇచ్చిననాడే మునిసిపాలిటీ ఒక షరతు పెట్టింది. ఏటా ఒక్క నాటకమైనా ఆడాలి, లేదా ఖాళీ చేయాలి. మొదట్లో నలభై మంది వేషాల కోసం కొట్టుకునేవారట. తర్వాత కొందరు పోయారు, కొందరికి మోకాళ్లు పోయాయి, మిగిలినవాళ్లకు తీరిక పోయింది. ఈ ఏడు రెండే పాత్రలున్న నాటకం పట్టుకున్నాం. అన్న వేషం బస్సు కండక్టరుది, చెల్లెలు నేను. ఏడాది ఆఖరి రోజు మధ్యాహ్నం ఆట. ఆ పొద్దున్నే కండక్టరు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు.

"నాటకమంతా నీకు కంఠతా వచ్చు కదా బాబాయ్, నువ్వు వేసెయ్," అన్నాను.

"నా వల్ల కాదమ్మా."

"అయితే హాలు పోనిద్దామా?"

బాబాయి కండక్టరు వేసుకోవాల్సిన వేషం కోటు తొడుక్కున్నాడు. కోటు చేతులు ఆయన వేళ్లదాకా వచ్చాయి.

ఆట జరిగిందో లేదో రాసుకోవడానికి వచ్చిన మునిసిపాలిటీ గుమస్తా మూడో వరుసలో కూర్చున్నాడు. తెర లేచింది. బాబాయి మొదటి మాట పక్కనున్న నాకే సరిగ్గా వినబడలేదు. "గట్టిగా!" అని ఎవరో అరిచారు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగితే, అలవాటుకొద్దీ నా మాట నాకే అందించాడు. నీ మాట నువ్వు చెప్పు బాబాయ్, నీకు దణ్ణం పెడతాను అని లోపల్లోపలే ఏడ్చాను. ఆయన జనాన్ని చూశాడు. గబగబా తెర చాటుకు వెళ్లి తన స్టూలు మీద కూర్చున్నాడు. అక్కణ్ణుంచి అన్న మాటలన్నీ పొల్లు పోకుండా, ప్రాణం పెట్టి, నాకు మాత్రమే వినబడేలా చెప్పాడు. స్టేజీ మీద అన్న కూర్చోవాల్సిన ఖాళీ కుర్చీకేసి చూస్తూ నేను గంటసేపు జవాబులు చెప్పాను. జనం మొదట నవ్వారు, తర్వాత లేచి వెళ్లిపోయారు.

గుమస్తా "నాటకం జరగలేదు" అని రాశాడు.

బాబాయి అతని చెయ్యి పట్టుకున్నాడు. పెదాలు ఆడుతున్నాయి.

"ఏమంటున్నారు? వినబడట్లేదండీ," అన్నాడు గుమస్తా.

బాబాయి గుసగుసగా చెబుతుంటే, ఒక్కో మాటా నేను పైకి చెప్పాను. ఒక్క ఏడు కూడా తప్పలేదు బాబూ. మా ఆవిడ చనిపోయిన నెలలో కూడా ఆడించాం. ఈ తప్పు నాది, వీళ్లది కాదు. ఒక్క వారం గడువివ్వండి, గట్టిగా మాట్లాడటం నేర్చుకుంటాను.

గుమస్తాకు ఈసారి అంతా వినబడింది. తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.